ప్రామాణిక ప్రైమ్ కటకం

ప్రామాణిక ప్రైమ్ కటకం అనగా నాభ్యంతరం మార్చడానికి వీలులేని, కెమెరాలోని ఫిలిం లేదా సెన్సరు కర్ణానికి దాదాపు సమానమైన నాభ్యంతరం కల ఛాయాచిత్ర కటకం. నాభ్యంతరం స్థిరంగా ఉండే కటకాలను ప్రైమ్ కటకాలని, మార్చుకోగలిగిన వాటిని జూమ్ కటకాలని అంటారు. 35 మి.మీ. ఫిలిం కెమెరాలకు 50 మి.మీ. కటకం ప్రామాణికంగా స్థిరపడింది. ఛాయాచిత్రకారులు దీనిని వాడుకలో "ఫిఫ్టీ" అనీ, చౌక రకాన్ని "నిఫ్టీ ఫిఫ్టీ" అనీ వ్యవహరిస్తారు.

కెమెరాతో పాటు వచ్చే జూమ్ కటకం తరువాత విద్యార్థులు, ఔత్సాహికులు విడిగా కొనే మొదటి కటకం చాలావరకు ఇదే. ధర తక్కువ, బరువు తక్కువ, మసక వెలుతురులో కూడా పని చేస్తుంది. అయితే 50 మి.మీ. అన్న అంకె అన్ని కెమెరాలకూ ప్రామాణికం కాదు. విద్యార్థుల వద్ద ఎక్కువగా ఉండే చిన్న సెన్సరు కెమెరాలపై ఇదే కటకం దృశ్యాన్ని బాగా కుదించి చూపుతుంది. కనుక ఎంపికలో మొదట చూడవలసినది కటకం పేరుప్రతిష్ఠలు కాక, అది అమర్చబోయే కెమెరా సెన్సరు కొలత. ఈ వ్యాసంలోని ఉదాహరణలు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుండి, దానిని ఆనుకొని ఉన్న తార్నాక నుండి తీసుకోబడినవి.

నిర్వచనం

35 మి.మీ. ఫిలింపై ఒక్కొక్క చిత్రం 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉంటుంది. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం దీని కర్ణం సుమారు 43.3 మి.మీ. అంటే ఈ కొలతకు కచ్చితమైన ప్రామాణిక కటకం 43 మి.మీ. కావలసి ఉన్నది. ఆచరణలో 40 నుండి 58 మి.మీ. వరకు గల కటకాలన్నీ ఈ కోవలోకే వస్తాయి. 50 మి.మీ. కటకం దృష్టికోణం అడ్డంగా సుమారు 40 డిగ్రీలు, కర్ణం వెంబడి సుమారు 47 డిగ్రీలు. ఇంతకన్నా విశాలంగా చూపే వాటిని వైడ్ కటకాలని, ఇరుకుగా చూపే వాటిని టెలిఫోటో కటకాలని అంటారు.

50 మి.మీ. కటకం మనిషి కన్ను చూసినట్లే చూస్తుందన్న మాట విస్తృత ప్రచారంలో ఉన్నది. ఇది సగమే నిజం. రెండు కళ్ళతో మనిషికి కనిపించే క్షేత్రం 40 డిగ్రీల కన్నా ఎన్నో రెట్లు విశాలమైనది. అందులో స్పష్టంగా కనిపించే మధ్యభాగం మాత్రం అంతకన్నా బాగా చిన్నది. ముందున్న వస్తువుకూ వెనుకనున్న వస్తువుకూ పరిమాణంలో కనిపించే నిష్పత్తిని నిర్ణయించేది కటకం కాదు, ఛాయాచిత్రకారుడు నిలబడిన చోటు. ఒకే చోట నిలబడి తీసిన వైడ్ చిత్రం నుండి మధ్యభాగాన్ని కత్తిరిస్తే, టెలిఫోటో చిత్రంలోని నిష్పత్తులే అందులోనూ కనిపిస్తాయి. అయితే అచ్చు వేసిన చిత్రాన్ని సాధారణంగా దాని కర్ణమంత దూరం నుండి చూస్తారు. నాభ్యంతరం కూడా సెన్సరు కర్ణమంత ఉన్నప్పుడు ఆ చిత్రంలో సాగదీసినట్లు గాని, అణచివేసినట్లు గాని అనిపించదు. "ప్రామాణికం" అనే పేరుకు ఆధారం ఇదే.

చరిత్ర

గాజు పలకలపై ఛాయాచిత్రాలు తీసిన కాలంలో ప్రామాణిక కటకాలు చాలా పొడవైనవి. 8×10 అంగుళాల పలక కర్ణం సుమారు 325 మి.మీ. కనుక దానికి ప్రామాణిక కటకం 300 మి.మీ.కు పైగానే ఉండాలి. సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకల యుగానికి చెందినవాడు. నేడు అరచేతిలో ఇమిడే కటకం చూపే దృశ్యానికి ఆ కాలంలో ముక్కాలిపీటపై నిలిపిన పెద్ద కెమెరా అవసరమయ్యేది.

జర్మనీలోని లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ చలనచిత్రాల ఫిలింను అడ్డంగా నడిపి, 18×24 మి.మీ. చలనచిత్ర చట్రానికి రెట్టింపైన 24×36 మి.మీ. చట్రాన్ని వాడాడు. ఆ కెమెరా లైకా పేరుతో 1925లో లైప్‌జిగ్ వసంతకాలపు వాణిజ్య ప్రదర్శనలో విడుదలయింది. దానికి మాక్స్ బెరెక్ రూపొందించిన 50 మి.మీ., ఎఫ్/3.5 కటకాన్ని అమర్చారు. అప్పటి నుండి 50 అనే అంకె నిలిచిపోయింది. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు ఆన్రీ కార్టియే-బ్రెసాఁ తన కృషిలో అధిక భాగం 50 మి.మీ. కటకంతోనే చేశాడు.

నేటి చౌక 50 మి.మీ. కటకాల లోపలి అమరిక ఇంకా పాతది. కార్ల్ జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ 1896లో రూపొందించిన ప్లానార్ కటకం దీనికి మూలం. నడుమ అపర్చరును ఉంచి, దానికి ఇరువైపులా ఇంచుమించు ప్రతిబింబాల వలె గాజు కటకాలను పేర్చే ఈ పద్ధతిని డబుల్ గాస్ అమరిక అంటారు. ఇరువైపులా పోలిక ఉండడం వల్ల ఒకవైపు పుట్టే వక్రీకరణ వంటి దోషాలను రెండవ వైపు చాలావరకు సరిచేస్తుంది.

ధర తక్కువగా ఉండడానికి కారణం

చౌక కటకం అనగానే నాసిరకమన్న అనుమానం సహజం. 50 మి.మీ. కటకం విషయంలో ఈ అనుమానానికి ఆధారం తక్కువ. అద్దం ఉన్న ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో కటకం బిగించే అంచుకూ ఫిలింకూ మధ్య అద్దం కదలడానికి చోటు వదలాలి. ఈ దూరం నికాన్ కెమెరాలలో 46.5 మి.మీ., కానన్ ఇఓఎస్ కెమెరాలలో 44 మి.మీ. కటకం నాభ్యంతరం ఇంతకన్నా తక్కువైతే కాంతిని వెనక్కు నెట్టే అదనపు గాజు కావాలి. 50 మి.మీ. కటకానికి ఆ తిప్పలు లేవు. కనుక ఆరు గాజు పలకలతో, అగోళీయ కటకాలేవీ లేకుండా, ఎఫ్/1.8 వంటి పెద్ద అపర్చరు సాధ్యమవుతుంది.

నికాన్ సంస్థ తయారుచేసిన రెండు కటకాలను పోల్చితే ఇది బోధపడుతుంది. 50 మి.మీ. ఎఫ్/1.8డి కటకంలో ఆరు పలకలున్నాయి. దానికన్నా చిన్న సెన్సరును మాత్రమే కప్పవలసిన 35 మి.మీ. ఎఫ్/1.8జి డిఎక్స్ కటకంలో ఎనిమిది పలకలు, అందులో ఒకటి అగోళీయమైనది ఉన్నాయి. దశాబ్దాల తరబడి పెద్ద సంఖ్యలో తయారు కావడం కూడా 50 మి.మీ. కటకాల ధర తగ్గడానికి తోడ్పడింది. పొదుపు చేసినది ప్రధానంగా పై తొడుగులో, మోటారులో, బిగించే వలయంలో, గాజులో కాదు.

సెన్సరు కొలత, దృశ్యం వెడల్పు

కటకం ఎంత వెడల్పు చూపుతుందో తెలుసుకోవడానికి కోణమానాలు అక్కరలేదు. సెన్సరు వెడల్పును నాభ్యంతరంతో భాగించి, వచ్చిన దానిని నిలబడిన దూరంతో గుణిస్తే సరిపోతుంది. ఈ లెక్క కటకం కొనక ముందే వేసుకోవచ్చు.

ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సరు వెడల్పు 36 మి.మీ. దానిపై 50 మి.మీ. కటకానికి భాగఫలం 0.72. విద్యార్థులు ఎక్కువగా వాడే ఎపిఎస్-సి రకం సెన్సరు వెడల్పు నికాన్ కెమెరాలలో సుమారు 23.5 మి.మీ., కానన్ కెమెరాలలో సుమారు 22.3 మి.మీ. వీటిపై 50 మి.మీ. కటకానికి భాగఫలాలు వరుసగా 0.47, 0.45. నికాన్‌పై 35 మి.మీ. కటకానికి 0.67. అంటే నికాన్ ఎపిఎస్-సి కెమెరాపై ఫుల్ ఫ్రేమ్ ఫిఫ్టీకి సమీపంగా చూపేది 35 మి.మీ. కటకమే గాని 50 మి.మీ. కటకం కాదు. నాభ్యంతరాన్ని నికాన్, సోనీ, ఫుజిఫిల్మ్‌లకు 1.5తో, కానన్‌కు 1.6తో, మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలకు 2తో హెచ్చించే అలవాటు కూడా ఇదే విషయాన్ని చెబుతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌కు ప్రామాణిక కటకం 25 మి.మీ.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనాన్ని తీసుకుందాం. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేయగా గులాబీ రంగు గ్రానైటుతో కట్టిన ఈ భవనం 1939 డిసెంబరు 4న ప్రారంభమయింది. దీని ముందు విశాలమైన ఆవరణ ఉన్నది. భవనానికి 100 మీటర్ల దూరాన నిలబడితే ఫుల్ ఫ్రేమ్‌పై 50 మి.మీ. కటకం 72 మీటర్ల వెడల్పును పట్టుకుంటుంది. నికాన్ ఎపిఎస్-సి కెమెరాపై అదే కటకం 47 మీటర్లే పట్టుకుంటుంది, 35 మి.మీ. అయితే 67 మీటర్లు. ఆరుబయట ఈ తేడా పెద్ద ఇబ్బంది కాదు. వెనుకకు నడవడానికి చోటున్నది. పైగా ఈ భవనం అందం మొత్తం ముఖభాగంలో కన్నా నడుమనున్న ఎత్తైన కమానులోనూ, రాతి చెక్కడాలలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. వాటికి ఇరుకు దృష్టికోణమే మేలు.

గదిలోకి వెళితే లెక్క తారుమారవుతుంది. వసతిగృహం గదిలో గోడకు ఆనుకొని నిలబడితే ఎదుటి మనిషికి మధ్య మూడు మీటర్లు దొరకడం కష్టం. మూడు మీటర్ల దూరాన ఫుల్ ఫ్రేమ్‌పై ఫిఫ్టీ 2.16 మీటర్లు చూపుతుంది. నికాన్ ఎపిఎస్-సి కెమెరాపై 50 మి.మీ. 1.41 మీటర్లు, 35 మి.మీ. 2.01 మీటర్లు చూపుతాయి. పక్కపక్కన కూర్చున్న నలుగురు మిత్రులు రెండు మీటర్లలో ఇముడుతారు, 1.41 మీటర్లలో ఇమడరు. ఫిఫ్టీ కొన్న తరువాత "గోడ అడ్డం వస్తోంది" అని విద్యార్థులు వాపోవడానికి కారణం ఇదే. గోడను జరపలేము, కటకాన్ని వెనక్కు తిప్పి ఇవ్వలేము.

అట్లని ఎపిఎస్-సి కెమెరాపై 50 మి.మీ. కటకం పనికిరానిదని కాదు. అది ఫుల్ ఫ్రేమ్‌పై 75 లేదా 80 మి.మీ. కటకం వలె పనిచేస్తుంది. ఒక మనిషి ముఖచిత్రానికి, వేదికపై మాట్లాడే వక్తకు, పరుగు పందెంలో చివరి గీత దాటే క్రీడాకారునికి ఇది చక్కగా సరిపోతుంది. అనుకూలమైన దూరం నుండి తీయడం వల్ల ముక్కు పెద్దదిగా కనిపించదు. వచ్చిన చిక్కల్లా దీనిని ప్రామాణిక కటకమని అనుకొని కొనడంలో ఉన్నది.

కొనే ముందు పరీక్ష

కెమెరాతో వచ్చిన 18–55 మి.మీ. జూమ్ కటకం ఉన్నవారికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉన్నది. జూమ్ వలయాన్ని 35 గుర్తు వద్ద ఉంచి, కదలకుండా కాగితపు టేపు అతికించి ఒకరోజు మొత్తం అదే నాభ్యంతరంతో చిత్రాలు తీయాలి. మరొక రోజు 55 గుర్తుకు కొంచెం ఇవతల ఉంచి తీయాలి. కటకంపై 50 గుర్తు సాధారణంగా ఉండదు. పరీక్ష ఆరుబయటతో ఆగిపోకూడదు. గ్రంథాలయం మెట్లు, భోజనశాల, వసతిగృహం గది, సిటీ బస్సు, తార్నాక కూడలి వంటి చోట్లన్నీ ఉంటేనే నిజం తెలుస్తుంది. రెండు రోజుల చిత్రాలలో ఎన్నింటికి వెనుకకు వెళ్ళాలనిపించిందో, ఎన్నింటికి ముందుకు వెళ్ళాలనిపించిందో లెక్కిస్తే జవాబు దొరుకుతుంది.

పాత చిత్రాలను చూసి కూడా నిర్ణయించవచ్చు. డిజిటల్ కెమెరాలు ప్రతి చిత్రంతో పాటు నాభ్యంతరాన్ని కూడా నమోదు చేస్తాయి. ఆరు నెలల చిత్రాలలో అధికభాగం 18, 24 మి.మీ. వద్ద తీసినవైతే, ఆ విద్యార్థికి కావలసినది ఫిఫ్టీ కాకపోవచ్చు.

తక్కువ వెలుతురులో ఉపయోగం

జూమ్ కటకం ఉండగా మళ్ళీ అదే నాభ్యంతరం కల ప్రైమ్ ఎందుకన్న ప్రశ్నకు సాయంత్రం తార్నాకలో సమాధానం దొరుకుతుంది. నాగోలు, మియాపూర్‌లను అమీర్‌పేట మీదుగా కలిపే హైదరాబాదు మెట్రో మార్గం 2017 నవంబరులో ప్రారంభమైన నాటి నుండి ఇక్కడి ప్రధాన రహదారిపై మెట్రో వంతెన నీడ పడుతున్నది. చీకటి పడ్డాక వంతెన కింద టీ కొట్ల దీపాలు, బస్సుల వెలుగులు, దుకాణాల బోర్డులు మాత్రమే ఆధారం.

18–55 మి.మీ. జూమ్ కటకం 50 మి.మీ. ప్రాంతంలో ఎఫ్/5.6 వరకు మాత్రమే తెరుచుకుంటుంది. ఫిఫ్టీ ఎఫ్/1.8 వరకు తెరుచుకుంటుంది. కాంతి పరిమాణం ఈ అంకెల నిష్పత్తి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, 5.6ను 1.8తో భాగించి వర్గం చేస్తే సుమారు 9.7 వస్తుంది. అంటే దాదాపు పది రెట్ల కాంతి. జూమ్‌తో సెకనులో 10వ వంతు కావలసిన చోట ఫిఫ్టీతో 100వ వంతు చాలు. మొదటి దానిలో టీ పోసే చేయి చెదిరిపోతుంది. రెండవ దానిలో నిలుస్తుంది. జూమ్ కటకాలలో ఉండే కంపన నివారణ ఏర్పాటు ఛాయాచిత్రకారుని చేతి వణుకును అదుపు చేస్తుంది గాని, ఎదుటివారి కదలికను ఆపలేదు.

దీపాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. భారతదేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ కావడం వల్ల ట్యూబులైట్లు, చౌకరకం ఎల్ఇడి దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి ఇది తెలియదు. షట్టరు సెకనులో 500వ వంతు వంటి వేగంతో పనిచేస్తే చిత్రంపై అడ్డచారలు లేదా రంగు తేడాలు రావచ్చు. 50వ వంతు లేదా 100వ వంతు వద్ద ఈ దోషం కనిపించదు. ఆర్ట్స్ కళాశాల ఎదుట సాయంసంధ్యలో ఆడే బతుకమ్మ వంటి సందర్భాలలో కూడా, వలయంగా తిరిగే మనుషులను నిలపడానికి 100వ వంతు ఇంచుమించు కనీస వేగం.

పెద్ద అపర్చరుకు చెల్లించే మూల్యం స్పష్టతా లోతు. ఒక మీటరు దూరాన ఉన్న మనిషిని ఎఫ్/1.8 వద్ద తీస్తే స్పష్టంగా కనిపించే మందం ఫుల్ ఫ్రేమ్‌పై 50 మి.మీ. కటకంతో సుమారు నాలుగు సెంటీమీటర్లు, ఎపిఎస్-సి కెమెరాపై అదే కటకంతో మూడు సెంటీమీటర్లకు లోపు, 35 మి.మీ. కటకంతో ఆరు సెంటీమీటర్లకు లోపు. ఒక కన్ను స్పష్టంగా ఉండి, రెండవది మసకబారడం కొత్తవారికి తరచుగా ఎదురయ్యే అనుభవం. ఇది కటకం లోపం కాదు. ముగ్గురు నలుగురు ఉన్న చిత్రానికి ఎఫ్/4 లేదా ఎఫ్/5.6కు తగ్గించక తప్పదు. అప్పుడు జూమ్‌పై దీనికున్న కాంతి ఆధిక్యత చాలావరకు పోతుంది.

ముఖ్యమైన చౌక కటకాలు

కానన్ ఇఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 మొదటి రూపం 1987లో, రెండవ రూపం 1990లో వచ్చాయి. రెండవది 130 గ్రాముల బరువుతో, బిగించే వలయం కూడా ప్లాస్టిక్‌తో, ఐదు రేకుల అపర్చరుతో పాతికేళ్ళ పాటు కానన్ వాడుకరుల తొలి ప్రైమ్‌గా నిలిచింది. దాని ఫోకస్ మోటారు చప్పుడు చేస్తుంది. మసక వెలుతురులో అటూ ఇటూ తడుముకుంటుంది. ఐదు రేకుల వల్ల, అపర్చరు కొంత తగ్గించినప్పుడు దూరపు వీధి దీపాలు పంచభుజాలుగా కనిపిస్తాయి. 2015లో వచ్చిన ఎస్‌టిఎం రూపంలో లోహపు వలయం, ఏడు రేకులు, నిశ్శబ్దమైన మోటారు చేర్చబడినవి. ఫోకస్ చేయగల కనిష్ఠ దూరం 45 నుండి 35 సెం.మీ.కు తగ్గింది. విడుదల నాటి ధర 125 డాలర్లు. రెండింటి మధ్య ఎంచుకోవలసి వస్తే, కొద్దిపాటి తేడాకు ఆశపడక ఎస్‌టిఎం రూపాన్నే తీసుకోవడం మంచిది. కానన్ ఎపిఎస్-సి కెమెరాలకు నిజమైన ప్రామాణిక కటకానికి దగ్గరైనది 2014లో వచ్చిన ఇఎఫ్-ఎస్ 24 మి.మీ. ఎఫ్/2.8 ఎస్‌టిఎం, ఇది ఫుల్ ఫ్రేమ్‌పై 38 మి.మీ.తో సమానం. అపర్చరు చిన్నదైనా, గదులలో ఫిఫ్టీ కన్నా ఎక్కువగా ఉపయోగపడుతుంది.

నికాన్ విషయంలో మరొక మెలిక ఉన్నది. ఎఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8డి కటకంలో ఫోకస్ మోటారు లేదు. కెమెరాలోని మోటారు దానిని తిప్పాలి. డి40, డి60, డి3000 నుండి డి3500 వరకు, డి5000 నుండి డి5600 వరకు ఉన్న ప్రవేశస్థాయి కెమెరాలలో ఆ మోటారు లేదు. వాటిపై ఈ కటకాన్ని చేతితోనే ఫోకస్ చేయాలి. డి90, డి7000 వంటి వాటిపై స్వయంగా పనిచేస్తుంది. మోటారు కల 50 మి.మీ. ఎఫ్/1.8జి 2011లో 220 డాలర్లకు, 35 మి.మీ. ఎఫ్/1.8జి డిఎక్స్ 2009లో 200 డాలర్లకు విడుదలయ్యాయి. ప్రవేశస్థాయి నికాన్ కెమెరా ఉన్న విద్యార్థి ఒకే ఒక్క ప్రైమ్ కొనదలిస్తే ఈ 35 మి.మీ. కటకమే తగినది.

2018లో కానన్, నికాన్ రెండూ అద్దం లేని ఫుల్ ఫ్రేమ్ కెమెరాలను ప్రవేశపెట్టిన తరువాత కొత్త తరం వచ్చింది. కానన్ ఆర్ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టిఎం 2020లో 200 డాలర్లకు, నికాన్ జడ్ 40 మి.మీ. ఎఫ్/2 కటకం 2021లో 300 డాలర్లకు విడుదలయ్యాయి. నికాన్ 40 మి.మీ. ఫిలిం కర్ణానికి 50 కన్నా దగ్గరగా ఉండడం గమనించదగినది. ఎపిఎస్-సి కెమెరాపై అది 60 మి.మీ.తో సమానమై రాజీకి ఒప్పుకోదగినదిగా ఉంటుంది. ఫుజిఫిల్మ్ కెమెరాలకు 2020లో వచ్చిన ఎక్స్‌సి 35 మి.మీ. ఎఫ్/2, సోనీ ఫుల్ ఫ్రేమ్‌కు 2016లో వచ్చిన ఎఫ్ఇ 50 మి.మీ. ఎఫ్/1.8, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు పానసోనిక్ 25 మి.మీ. ఎఫ్/1.7 ఇదే వర్గానికి చెందినవి.

పాత కానన్ ఇఎఫ్ కటకాలు అడాప్టరు ద్వారా కొత్త ఆర్ కెమెరాలపై ఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ ఎఫ్‌టిజడ్ అడాప్టరులో మోటారు లేనందున డి రకం కటకాలకు చేతి ఫోకసే గతి.

పాత కటకాల కొనుగోలు

తార్నాక నుండి కెమెరా దుకాణాలున్న కోఠికి వెళ్ళడం ఇప్పుడు సులభం. పరేడ్ గ్రౌండ్ వద్ద మార్గం మారితే మెట్రోలో సుల్తాన్ బజారు వరకు చేరవచ్చు. కొత్త కటకాన్ని బిల్లుతో, భారతదేశంలో చెల్లే వారంటీ పత్రంతో కొనాలి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామనే సరుకులో మిగిలే సొమ్ము, మోటారు చెడిపోయిన రోజున మరమ్మతుకే పోవచ్చు.

వాడిన కటకం కొనేటప్పుడు ముందు, వెనుక మూతలు తీసి, వెనుకవైపు నుండి చిన్న టార్చి వెలుగు ప్రసరింపజేసి ముందునుండి ఏటవాలుగా చూడాలి. సాలెగూడు వంటి సన్నని పోగులు కనిపిస్తే అది శిలీంధ్రం. అటువంటి కటకాన్ని ఎంత చౌకైనా తీసుకోరాదు. నాలుగు ధూళి రేణువులు మాత్రం చిత్రంలో కనిపించవు, వాటికి భయపడనక్కరలేదు. అపర్చరు రేకులపై నూనె మెరుపు ఉంటే అవి మందకొడిగా కదులుతాయి. తరువాత కెమెరాకు బిగించి ఎఫ్/1.8 వద్ద దగ్గరి వస్తువును, దూరపు వస్తువును ఫోకస్ చేసి, చిత్రాన్ని తెరపై పెద్దది చేసి చూడాలి. కానన్ రెండవ రూపంలో ముందు గొట్టం వదులుగా ఊగుతుంటే లోపలి ప్లాస్టిక్ భాగాలు దెబ్బతిన్నట్లు అనుమానించాలి.

ఫిలిం కాలం నాటి చేతి ఫోకస్ కటకాలు మరొక మార్గం. సోవియట్ జెనిత్ కెమెరాలతో వచ్చిన 58 మి.మీ. ఎఫ్/2 హీలియోస్, పెంటాక్స్ కె1000తో వచ్చిన 50 మి.మీ. కటకాలు కొన్ని ఇళ్ళలో బీరువాల అడుగున ఇప్పటికీ ఉన్నాయి. అద్దం లేని కెమెరాలకు ఇవి తక్కువ ఖరీదు గల అడాప్టరుతో అమరుతాయి. కదలని వస్తువులకు, నింపాదిగా తీసే ముఖచిత్రాలకు ఇవి చక్కనివి. క్రీడలకు, వీధి దృశ్యాలకు ఓపిక కావాలి.

సంరక్షణ

ఫిఫ్టీల ముందు గాజు చాలావరకు తొడుగులో కొంత లోపలికి ఉంటుంది కనుక, వంద రూపాయల ఫిల్టరు తగిలించడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. చవకరకం ఫిల్టరు రాత్రివేళ దీపాలకు దొంగ ప్రతిబింబాలను పుట్టిస్తుంది. ఆ సొమ్ముతో హుడ్ కొనడం మేలు. అది పక్కనుండి పడే ఎండను ఆపుతుంది, కిందపడినప్పుడు మొదటి దెబ్బ తానే తింటుంది.

శిలీంధ్రం తేమలో, చీకటిలో పెరుగుతుంది. హైదరాబాదు వాతావరణం ఏడాదిలో చాలాకాలం పొడిగా ఉన్నా, జూన్ నుండి సెప్టెంబరు వరకు జాగ్రత్త అవసరం. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల నుండి వచ్చి చదువుకునే విద్యార్థులు సెలవులకు ఇంటికి తీసుకువెళ్ళినప్పుడు మరింత జాగ్రత్త వహించాలి. తోలు సంచిలో ఏళ్ళ తరబడి మూసి ఉంచడం అన్నింటికన్నా హాని చేస్తుంది. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచితే చాలు. రంగు మారే రకం సిలికా జెల్ తేమ పీల్చుకున్నదీ లేనిదీ చూడగానే తెలుపుతుంది. సన్నని సెగపై వేడిచేస్తే మళ్ళీ పనికివస్తుంది. కటకాన్ని తరచుగా వాడుతూ, వెలుతురు తగలనిస్తూ ఉంటే శిలీంధ్రం పట్టే అవకాశం బాగా తగ్గుతుంది.